చెక్క నేలకు చిటికెన వేలంత ఖాళీ

చెన్నైలో పాత ఫ్లాట్. బెడ్‌రూమ్‌లో టైల్స్ పీకించి టేకు పలకలు వేయించాలని ఉంది, డబ్బు చూస్తే తక్కువ, ఏం చేయాలని ఒక పాఠకురాలు అడిగారు.

ముందు టైల్స్ జోలికి పోకండి. పగలగొట్టే కూలి, రాళ్లు రప్పలు కిందికి దింపే కూలి, బండి కిరాయి, మళ్లీ నేల చదును చేసే సిమెంటు, ఇవన్నీ మిగులుతాయి. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్‌నూ తట్టి చూడండి. డొల్లగా మోగినవాటిని మాత్రం తీసి గచ్చుతో పూడ్చాలి. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనిస్తే దాని కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు.

ఇక టేకు పలక బదులు, పొరలు అతికించి చేసే ఇంజినీర్డ్ వుడ్ పలక తీసుకోండి. ధర ఒక్కటే కాదు, చెన్నై గాలి కూడా ఆ మాటే చెబుతుంది.

కొబ్బరి ఈనెల చీపురు కట్టను ఊహించుకోండి. చెక్క కూడా అలాంటి కట్టే: చెట్టు పొడవునా సాగిన సన్నని గొట్టాల్లాంటి కణాలు. వాటి గోడల్లోకి తేమ చేరితే ఈనె లావెక్కుతుంది, పొడవు దాదాపు మారదు. కట్ట మొత్తం అడ్డంగా ఉబ్బుతుంది. వానాకాలంలో పలకల తలుపు పక్క చట్రానికి పట్టేయడానికి కారణం అదే.

ఎంత ఉబ్బుతుందో లెక్క వేయొచ్చు. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్క తన ఎండు బరువులో సుమారు 9 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. 75 శాతం తేమలో అది దాదాపు 14కి చేరుతుంది. నీరు ఒక శాతం పెరిగితే టేకు పలక వెడల్పు సుమారు 0.19 శాతం పెరుగుతుంది. అంటే 100 మిల్లీమీటర్ల పలకకు ఒక మిల్లీమీటరు. పదడుగుల గదిలో అలాంటివి 30 పలకలు, మొత్తం 3 సెంటీమీటర్లు! గోడ జరగదు కాబట్టి పలకలే మధ్యలో లేస్తాయి. ఈ మార్పుకు వారాలు పడుతుంది. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపినంత మాత్రాన ఏమీ కాదు. తమిళ నెలలు ఐప్పసి, కార్తీకల్లో (అక్టోబరు నుంచి డిసెంబరు) కురిసే వానలు మాత్రం తమ పని తాము చేస్తాయి.

బడిలో రైలు పట్టాల సందు చూపించి వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయని నేర్పుతారు. ఆ పాఠం అంత బలంగా నాటుకుపోవడంతో చెక్క సందులకూ వేడే కారణమనుకుంటారు. నిజానికి ఎండాకాలపు పడమటి పొడిగాలికి చెక్క ఇంకా కుంచించుకుంటుంది. రాత్రిపూట నేల టక్కుమంటే ఇంట్లో ఏదో తిరుగుతోందని పిల్లల్ని భయపెట్టకండి, అది పలకలు సర్దుకునే చప్పుడు.

ఇప్పుడు రెండు చీపురు కట్టలను అడ్డంగా, నిలువుగా పేర్చి జిగురుతో అతికించండి. కింది కట్ట ఉబ్బాలన్న దిక్కున పై కట్ట పొడవు ఉంది, అది అంతగా సాగనివ్వదు. పై కట్టకూ అదే గతి. ఇంజినీర్డ్ వుడ్ రహస్యం ఇదే: పైన పలుచగా అసలు చెక్క, కింద ప్లైవుడ్ పొరలు. కొనేటప్పుడు పలక అంచు చూడండి. పొరలు కనిపించకుండా గోధుమరంగు పొట్టు అట్టలా ఉంటే అది లామినేట్. దాని అంచులో నీరు దిగితే ఉబ్బి, మళ్లీ యథాస్థితికి రాదు.

10×12 అడుగుల గదికి 120 చదరపు అడుగులు, కోతలకు పది శాతం కలిపి 132 కొనండి. పెట్టెల్ని ఆ గదిలోనే రెండు మూడు రోజులు ఉంచాలి. టైల్స్ మీద 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరచి, అంచులు 20 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి వచ్చేలా టేపు వేయండి. దాని మీద 2 మిల్లీమీటర్ల ఫోమ్. పలక అంచున పొడుచుకొచ్చిన నాలుకను పక్కదాని గాడిలోకి దూర్చండి. వరుసకూ వరుసకూ చివరి అతుకులు కనీసం ఒక అడుగు తేడాతో రావాలి. పలక, ఫోమ్ కలిపి నేల ఎత్తు దాదాపు 17 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తలుపు అడుగు కోయించక తప్పదు.

పొదుపు చేయాలంటే ఒక్క బెడ్‌రూమ్‌తో ఆపండి. హాలు, వంటిల్లు టైల్స్‌తోనే ఉండనివ్వండి. వాన నీళ్లు ఇంట్లోకి వచ్చే గ్రౌండ్ ఫ్లోర్‌లో అసలు వద్దు, 2015 డిసెంబరు వరదలు చూశాం కదా. పాలిథిన్ దగ్గర, గోడ పక్క ఖాళీ దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

ఇంజినీర్డ్ వుడ్ కూడా కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి నాలుగు వైపులా 10 నుంచి 12 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మందమంత, వదలాలి. గోడ అడుగున బిగించే స్కర్టింగ్ పట్టీ ఆ ఖాళీని కప్పుతుంది. దాన్ని గోడకే బిగించాలి, పలకకు మేకు కొట్టకూడదు. ఖాళీ కోసం గోడ పక్కన పెట్టిన చెక్క ముక్కలన్నీ స్కర్టింగ్ వేసేముందు తీయించండి. ఒక్కటి మరిచిపోయినా మొదటి వానాకాలంలో అక్కడ నేల లేవొచ్చు.