చెరకు పాకం, చేపకళ్ళ అమ్మ

బొబ్బిలి,
సంక్రాంతి వెళ్ళిన వారం.

చిరంజీవులకు ఆశీస్సులు.

బుజ్జీ, ఢిల్లీలో జైపూర్ హౌస్ మెట్లు దిగుతూ నువ్వు అడిగిన ప్రశ్నకు రైలు వేళ తొందరలో జవాబు చెప్పలేకపోయాను. "తాతా, జామినీ రాయ్ గారి బొమ్మలో అమ్మ కళ్ళు చెవుల దాకా ఉన్నాయి, ఆయనకు సరిగ్గా వేయడం రాదా?" అన్నావు. ఆ జైపూర్ హౌస్‌లోనే ఉన్న, 1954లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ అనే చిత్రశాలలో నాకు అన్నిటికంటె నచ్చిన బొమ్మ కూడా అదే.

ఆయనకు వేయడం బాగా వచ్చు. కలకత్తాలో చదువుకుని, అచ్చం మనిషిలాగే ఉండే తైలవర్ణ చిత్రాలు వేసి బతికిన ఆయన, అదంతా వదిలి బెంగాలు పల్లెల్లో పటాల మీద బొమ్మలు వేసే పటచిత్రకారుల దారి పట్టారు. ఎందుకో ఒక పోలికతో చెబుతాను. మన ఊరి గానుగ దగ్గర చెరకు రసం పెనంలో పోసినప్పుడు అందులో నీరూ నలుసులూ పచ్చివాసనా అన్నీ ఉంటాయి కదా. మంట పెట్టి, పైకి తేలిన తెట్టు తీసి పారేస్తూ కాస్తేనే పాకం చిక్కబడుతుంది. నా చిన్నప్పుడు ఒక ముసలాయన చన్నీళ్ళ చిప్పలో చుక్క పాకం వేసి, రెండు వేళ్ళతో ఉండ చేసి, అది గట్టిపడితేనే పెనం దించమనేవాడు. ఆ ఉండ కోసం నేను బడి ఎగ్గొట్టిన సంగతి మీ నాన్నకు చెప్పకండి, మీరూ ఆ పని చేయకండి. జామినీ రాయ్ గారు కూడా నీడలనూ ముడతలనూ తెట్టులా తీసేసి, ఒక కన్ను, ఒక వంపుగీత, బిడ్డను పట్టుకున్న చెయ్యి మిగిలే దాకా కాచారు. అయితే బెల్లం మళ్ళీ చెరకు కాలేదు, ఆ గీత మాత్రం చూసేవాడి కంట్లో మళ్ళీ అమ్మ అవుతుంది. నా పోలిక ఇక్కడితో సరి.

పెద్దోడా, నువ్వు కదలకుండా నిలబడిపోయిన బొమ్మ అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన "ముగ్గురు అమ్మాయిలు". బుడాపెస్టులో పుట్టి, పారిస్‌లో చదివిన ఆవిడ 28 ఏళ్ళకే లాహోరులో కన్నుమూసింది. బొమ్మలోని ఆ అమ్మాయిలు ఎవరికోసం ఎదురుచూస్తున్నారని అడిగావు, నాకు తెలియదు. మా అక్కలు పెళ్ళిచూపుల రోజున లోపలి గదిలో అలాగే, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు, నేను వసారాలో బూరెలు తింటున్నాను.

జామినీ రాయ్ గారు రాతిపొడి, సుద్ద, దీపపు మసి వంటివాటితో రంగులు చేసుకుని చింతపిక్కల జిగురు కలిపేవారు. ఈ ఆదివారం మీరూ నానబెట్టిన చింతపిక్కలు పొట్టు తీసి, నూరి, పెద్దవాళ్ళ చేత ఉడికించుకుని, అందులో మసి కలపండి. మీ అమ్మను పది గీతల్లో వేసి, తరువాత తొమ్మిదిలో, ఎనిమిదిలో వేయండి. ఎన్నో గీత తీసేశాక అమ్మ కాకుండా పోయిందో నాకు రాయండి.

మీ తాత