జీతం తేలింది, డ్యూటీ తేలలేదు: కేరళ నర్సుల 6-6-12 గొడవ వెనక

కేరళ ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల డ్యూటీ గంటల గొడవ మళ్లీ రాజుకుంది. పగలు ఆరు గంటల చొప్పున రెండు షిఫ్టులు, రాత్రి పన్నెండు గంటల షిఫ్టు ఒకటి. దీన్నే 6-6-12 అంటున్నారు. పడకలు ఎన్నున్నా సరే, అన్ని ప్రైవేటు ఆస్పత్రులూ ఈ పద్ధతే పాటించాలని 2025లో ప్రభుత్వం ఆదేశించింది. చిన్న ఆస్పత్రుల అభ్యంతరం పాతదే: అంతమంది నర్సులను పెట్టుకోలేమని.

2011-12 నాటి బాండ్లు (మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందాలు), యాజమాన్యాల దగ్గర ఇరుక్కుపోయిన సర్టిఫికెట్లు, కొత్తమంగళంలో ఆస్పత్రి భవనమెక్కి ఆత్మహత్య చేసుకుంటామన్న నర్సులు, యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ అనే నర్సుల సంఘం పుట్టుక, ఇదంతా చాలామందికి తెలిసిన కథే. ఈనాటి తగవు అర్థం కావాలంటే నేరుగా 2018 ఏప్రిల్‌కు వెళ్లాలి.

అప్పటికి చేర్తలలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుల సమ్మె ఎనిమిది నెలలు దాటింది. వాళ్లు అడిగింది జీతం ఒక్కటే కాదు. మూడు షిఫ్టుల పద్ధతి పెట్టమన్నారు, తీసేసిన నర్సులను వెనక్కి తీసుకోమన్నారు. ఏప్రిల్ 24న చేర్తల నుంచి తిరువనంతపురం దాకా కాలినడకన బయల్దేరాలని సంఘం పిలుపునిచ్చింది. ముందు రోజే ప్రభుత్వం కనీస వేతనాల తుది నోటిఫికేషన్ జారీ చేసింది. నర్సుకు నెలకు 20,000 రూపాయలు ఖాయమైంది. పాదయాత్ర ఆగిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు అదే. జీతం, డ్యూటీ గంటలు అంతవరకూ ఒకే డిమాండ్‌గా నడిచాయి. ఆ నోటిఫికేషన్‌తో రెండూ విడిపోయాయి. నర్సులను తప్పుపట్టలేం. పది వేలు కూడా చేతికి రాని వాళ్లు ఎందరో ఉన్న చోట 20,000 చిన్న విషయం కాదు. కానీ గంటల సంగతి అక్కడే వెనకబడిపోయింది.

నిజానికి పని గంటల డిమాండ్‌కు ఆధారం ముందే ఉంది. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, 200కు పైగా పడకలున్న ఆస్పత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని, 50 పడకలలోపు ఆస్పత్రుల్లోనైనా 20,000కు తగ్గకూడదని సిఫార్సు చేసింది. సెలవులు, పని గంటలు, రవాణా, వసతి కూడా ప్రభుత్వ నర్సులకు ఉన్నట్టే ఉండాలంది. జీతానికి పడకల మెట్లు కట్టిన ఆ కమిటీ, పని గంటలకు మాత్రం కట్టలేదు. అందరి నోళ్లలో నానింది ఆ 20,000 అంకె.

కేరళలో 2021 అక్టోబరులో షిఫ్టుల ఉత్తర్వు వచ్చినప్పుడు ఈ తేడా గాలికిపోయింది. నర్సుల డ్యూటీ గంటలపై ప్రభుత్వం వేసిన వీరకుమార్ కమిటీ సిఫార్సుల ఆధారంగా 6-6-12 తప్పనిసరి చేశారు గానీ, 100 పడకలు దాటిన ఆస్పత్రులకే. 80 పడకల ఆస్పత్రిలో రాత్రంతా మేల్కొనే నర్సు ఒళ్లు తక్కువ అలసిపోతుందా? ఆ గీత ఎందుకు గీశారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారేటప్పుడు ఏ వార్డులోనైనా చూడండి. వచ్చిన సిస్టర్, వెళ్లే సిస్టర్ పడక పడకకూ కలిసి నడుస్తారు. ఎవరికి సెలైన్ ఎంత మిగిలింది, ఎవరికి ఇన్సులిన్ వేశారు, యూరిన్ బ్యాగ్‌లో ఎంత వచ్చింది, ఏ రిపోర్టు రావాలి. తాళం వేసే అల్మారాలోని మత్తు ఇంజెక్షన్లు లెక్కపెట్టి రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం చేస్తారు. ఎనిమిదికి ముగిసే డ్యూటీ అలా అరగంట సాగుతుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసినామెకు ఆ అరగంటే మహా కష్టం. పొరపాటు జరిగే అవకాశం ఎక్కువున్నదీ అప్పుడే.

మరి ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు పెట్టొచ్చు కదా అంటారు. సాయంత్రం షిఫ్టు రాత్రి పదికో, ఇంకా తర్వాతో ముగిస్తే, ఆ వేళ బస్సెక్కి ఇంటికి వెళ్లాల్సింది ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే చాలామంది నర్సులు రాత్రి పన్నెండు గంటలకు ఒప్పుకుంటారు. బదులుగా వాళ్లు కోరేది పగలు ఆరు గంటలు, నైట్ల తర్వాత సరైన ఆఫ్. మధ్యాహ్నం రెండుకు డ్యూటీ దిగితే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఉండొచ్చు.

యాజమాన్యాల వాదన ఖర్చు. చిన్న ఆస్పత్రి ఆదాయం తక్కువన్నది నిజమే. కానీ లెక్క వేసి చూద్దాం. ఒక వార్డులో ఎప్పుడూ నలుగురు నర్సులుండాలంటే వారానికి 672 పనిగంటలు. ఒక్కొక్కరు 48 గంటలు చేస్తే 14 మంది కావాలి. షిఫ్టు ఆరు గంటలదైనా పన్నెండుదైనా ఈ లెక్క మారదు. అదే రోజుకు పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు, అంటే 72 గంటలు చేయిస్తే పది మందితో సరిపోతుంది. అంటే ఆదా అయ్యే ఆ నాలుగు జీతాలూ మిగతా పది మంది ఒంటి మీద నుంచి వస్తున్నాయి. సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని పెట్టుకోవాలన్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాన్ని ఇందులో కలపనే లేదు.

2025 ఆదేశంలోని, నెలకు 208 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతు కూడా కొత్త వరం కాదు. వారానికి 48 గంటల చొప్పున 52 వారాలను 12 నెలలకు పంచితే వచ్చేది సరిగ్గా 208.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్టాఫ్‌నర్సులకు ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది అన్న టైమింగ్స్ బాగా అలవాటైనవే. వీధి చివరి ప్రైవేటు నర్సింగ్ హోములో పన్నెండు గంటల డ్యూటీ కూడా అరుదేం కాదు. 2016 కమిటీ సిఫార్సులు ఈ రెండు రాష్ట్రాలకూ వర్తించేవే.

కేరళలో ఇక తేలాల్సింది అమలు. డబుల్ డ్యూటీ చేసిన రోజు కూడా హాజరు పట్టీలో ఒక్క డ్యూటీయే పడితే లెక్క ఏ నెలా 208 దాటదు. కార్మిక శాఖ రోస్టర్‌నూ హాజరు పట్టీనీ జీతం స్లిప్పునూ పక్కపక్కన పెట్టి చూడాలి. 2021 ఉత్తర్వు నుంచి 2025 దాకా మినహాయింపులో ఉండిపోయిన చిన్న ఆస్పత్రులతోనే ఆ తనిఖీ మొదలుపెట్టాలి.