తుపాకీ కనబడని పోరు పాటలు

సాయుధ పోరాటాల పాటలనగానే నెత్తురు, జెండా, తుపాకీ గుర్తొస్తాయి. జనం నోట నిలిచినవాటిలో కొన్ని మాత్రం వేరే తీరు. వాటిలో పోరాటం కన్నా ముందు మనిషి కనిపిస్తాడు.

సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' సంగతే చూడండి. తెలంగాణ సాయుధ పోరాటం (1946-51) పేరెత్తితే ఈ పాట రావాల్సిందే. అందులో దొర మీద కేకల్లేవు, చంపుతామన్న మాట లేదు. ఉన్నవాడల్లా పసులు కాసే జీతగాడు, పాలబుగ్గల పిల్లాడు. ఒంటి మీద చాలీచాలని చింపులంగి, నెత్తిన గోనె కొప్పెర, కాళ్లకు తాటిజెగ్గల జోడు. పాలు మరిచి ఎన్నాళ్లయిందని పాట వాణ్ని అడుగుతుంది, అంతే. వెట్టి గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ ఒక్క ప్రశ్నకు సాటి రావు.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పోరు అక్కణ్నుంచి ముదిరింది, పాటకూ కోపమొచ్చింది. బండి యాదగిరిదిగా చెప్పే 'బండెనక బండి కట్టి' ఆ కోపంలోంచి వచ్చిందే. నైజాం సర్కారునే 'కొడుకో' అని పిలిచి, గోల్కొండ ఖిల్లా కింద నీ గోరీ కడతామంటుంది. అయినా విననివ్వని కర్కశత్వం కాదది. ఊరి రచ్చబండ దగ్గరి తిట్టులో ఉండే చనువే అందులో ఉంది. 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతులో విని దాన్ని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

శ్రీకాకుళం గిరిజనుల సాయుధ పోరాటానికి వస్తే, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తూటాలకు కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు బలయ్యారు. గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే జానపద కథాగానంలో పోరు చెప్పి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ నేల మీదే వంగపండు ప్రసాదరావు 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' కట్టాడు. వినడానికి సరసపు పిలుపు, పోదామన్నది మాత్రం ఉద్యమంలోకి. ఇల్లు వదిలిపోయేవాడికి భయం, ఆశ రెండూ ఉంటాయని తెలిసినవాడు రాసిన పల్లవి అది. 2009లో 'మగధీర' పాటలోకి ఎక్కేసరికి సరసమొక్కటే మిగిలింది.

1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్య మండలి ఈ పద్ధతినే గోచీ, గొంగడి, గజ్జెలతో ఊరూరా తిప్పింది. బాణీలన్నీ జనానివే: కోలాటం, ఒగ్గుకథ, ఆడవాళ్ల శోకాలు. పోయినవాడి కోసం తల్లి ఏడ్చే రాగం అప్పటికే ఊళ్లో ఉంది. కొత్తగా అమరుడి పేరొక్కటే చేరింది.

ఈ కరుణకు ఒక హద్దుంది. పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి నక్సలైట్లు చంపిన కూలివాడి ఇంటికి, మందుపాతర పేలి పోయిన కానిస్టేబుల్ తల్లి దగ్గరికి ఆ పాటలు పోలేదు. ఆ శోకమూ అదే రాగంలో ఉంటుంది కానీ, దాన్ని వేదికెక్కించిన దళం లేదు.