కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు

కోనసీమ కొబ్బరి రైతులకు కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు రెండూ పాత శత్రువులే. రెండూ పెంకుపురుగుల జాతికి చెందినవే, రెండూ పట్టేది ఒకే చెట్టును. అయితే మొదటిది రెక్కలొచ్చాకే చెట్టెక్కుతుంది, రెండవది పుట్టి పెరగడమంతా చెట్టు లోపలే. ఈ తేడాను పట్టించుకోకుండా రెంటికీ ఒకే మందు కొట్టడం డబ్బు దండగ అనే చెప్పాలి.

కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పెంటపోగుల్లో, కుళ్ళుతున్న కొబ్బరి మొద్దుల్లో. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తల, వంకీ తిరిగిన ఆకారం గల దాని డింభకం ఆ కుళ్ళునే తింటూ నెలల తరబడి పెరుగుతుంది, పచ్చని కొబ్బరి జోలికి రాదు. నల్లగా మెరిసే ప్రౌఢ పురుగు మాత్రం రాత్రివేళ ఎగిరివచ్చి, ఇంకా విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుపోయి, నమిలిన పీచును వెనక్కి నెట్టేస్తూ రసం పీలుస్తుంది. ముడుచుకొని ఉండగా తెగిన ఆ ఆకు, విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణపు కోతలతో కనిపిస్తుంది.

ఎర్రముక్కు పురుగుది తుప్పురంగు. మగదాని పొడవాటి ముక్కు మీద చిన్న వెంట్రుకల కుచ్చు ఉంటుంది, ఆడదాని ముక్కు నున్నగా ఉంటుంది. భూతద్దం ఉంటే చూసి తీరవలసిన తేడా ఇది. ఆడపురుగు మాను మీది గాయాల్లో గుడ్లు పెడుతుంది. కాళ్ళు లేని డింభకాలు మాను లోపలి మెత్తని భాగాన్ని తొలిచి తిని, చివరికి పీచుతో గూడు అల్లుకొని అందులోనే రూపం మార్చుకుంటాయి. రంధ్రం నుంచి గోధుమరంగు జిగురు కారడం, మానుకు చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినబడడం దాని ఆనవాళ్ళు. అప్పటికే చాలాసార్లు చెట్టు చేజారిపోయి ఉంటుంది. నాటేందుకు తరలించిన పిలకల్లో దాగి, 1980ల నాటికే ఈ పురుగు గల్ఫ్ దేశాల ఖర్జూర తోటలకూ పాకింది.

ఎదిగిన చెట్టును కొమ్ము పురుగు ఒక్కటే చంపడం అరుదు. కానీ అది చేసిన గాయమే ఎర్రముక్కు పురుగుకు దారి అవుతుంది.

కొమ్ము పురుగు డింభకం బయటే దొరుకుతుంది కనుక, ఎరువు గుంటల్లో మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కలిపి దాన్ని అక్కడే చంపవచ్చు. 1963లో మలేషియాలో కనుగొన్న ఒక వైరస్‌ను 1967లో పసిఫిక్ దీవుల్లోని సమోవాలో వదిలితే, అక్కడ ఈ పురుగు బాగా తగ్గింది. మాను లోపల దాగిన ఎర్రముక్కు పురుగు విషయంలో అంత వెసులుబాటు లేదు. అందుకే మానుకు గాట్లు పెట్టవద్దనీ, పచ్చిమట్టలు నరకక తప్పకపోతే మానును అంటి నాలుగడుగుల మట్ట వదిలేయాలనీ నిపుణులు చెబుతారు. కోసిన చోట గుడ్లు పెట్టినా డింభకాలు మాను దాకా చేరలేవు.