చెంబెడు నీళ్ళు

పిల్లలూ,

పెద్దతాతయ్య పదకొండో రోజున మన చిన్నది ఒక మాట అడిగింది. "తాతయ్యా, పెద్దతాతయ్య నేవీలో అన్నేళ్ళు సముద్రంలోనే ఉన్నారు కదా! మరి కుళాయిలో నీళ్ళొస్తున్నా చెంబెడు నీళ్ళతోనే గడ్డం ఎందుకు గీసుకునేవారు?" అని. అంతమంది చుట్టాల మధ్య నాకు గొంతు పెగల్లేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆయన పనిచేసింది సబ్‌మెరైన్‌లో. మన నేవీకి మొట్టమొదటి సబ్‌మెరైన్ కల్వరి, 1967 డిసెంబరు 8న వచ్చింది. సోవియట్ రష్యాలో కట్టింది. తర్వాత రెండేళ్ళలో అదే రకానివి ఖందేరి, కరంజ్, కురుసుర వచ్చాయి. అన్నయ్య ఆ రోజుల్లో చేరినవాడే.

అది ఎలా మునుగుతుందో తెలియాలంటే బిందెను తలుచుకోండి. ఖాళీ బిందె చెరువులో తేలుతుంది. వంచి నీళ్ళు పట్టనిస్తే బుడబుడమని మునుగుతుంది. సబ్‌మెరైన్‌కి కూడా పెద్ద పెద్ద ట్యాంకులుంటాయి. మునగాలంటే వాటిలోకి సముద్రపు నీళ్ళు రానిస్తారు. తేలాలంటే సిలిండర్లలో నొక్కిపెట్టిన గాలిని వదిలి ఆ నీళ్ళని బయటికి నెడతారు. మునిగిన బిందె తనంతట తానే నీళ్ళు కక్కేసి పైకి లేచినట్టన్నమాట.

బిందె అంటే నాకు మా ఊరి చెరువు గుర్తొస్తుంది. బోర్లించిన ఇత్తడి బిందె పొట్టకింద పెట్టుకుని మేమిద్దరం అక్కడే ఈత నేర్చుకున్నాం. ఒకరోజు నా చేతిలో బిందె పక్కకి ఒరిగి మునిగిపోయింది. అమ్మ కొడుతుందని గట్టున కూర్చుని ఏడ్చాను. అన్నయ్య పొద్దుగూకేదాకా మునుగుతూ లేస్తూ వెతికి, బురదలోంచి దాన్ని తీశాడు. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. బిందె జారింది తన చేతిలోంచేనని చెప్పి దెబ్బలు కూడా తనే తిన్నాడు.

మళ్ళీ మన పెద్ద బిందెలోకి వద్దాం. అందులో 75 మంది దాకా మనుషులు. వాళ్ళ తిండి, ఇంజన్లు, బ్యాటరీలు, టార్పెడోలు, అన్నీ ఆ పొట్టలోనే. ఇక మంచినీళ్ళకి చోటెంత మిగులుతుంది? చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. తాగడానికీ వంటకీ పోగా ఒంటికి దక్కేది కాస్తే. "నేనో మగ్గు ఎక్కువ వాడితే అది పక్కవాడి దాహంలోంచి తీసుకున్నట్టేరా" అనేవాడు. రిటైరై ముప్పై ఏళ్ళు దాటినా ఆయన చెయ్యి ఆ లెక్క మరిచిపోలేదు.

1971 యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, విశాఖ రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పేలి మునిగిపోయింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. మన ఊళ్ళకి గండం తప్పిందని అందరం సంతోషించాం. అన్నయ్య మాత్రం ఆ ప్రస్తావన వస్తే "వాళ్ళకీ ఇంటి దగ్గర పిల్లలున్నార్రా" అని, కాసేపు ఇంకేం మాట్లాడేవాడు కాదు. మీరూ ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నీళ్ళ అడుగున పోస్టు డబ్బా ఉండదు కదా. రోజుకొక ఉత్తరం రాసి దాచుకుని, ఒడ్డుకి రాగానే అన్నీ ఒకేసారి వేసేవాడు. అవి ముందూ వెనకా అయిపోయి వచ్చేవి. అందుకే ప్రతి కవరు మూలనా ఎర్ర పెన్సిలుతో నంబరు. వదిన వాటిని వరసగా పేర్చి, రోజుకొకటే విప్పేది. మిగిలినవి బియ్యం డబ్బాలో దాచేది.

ఆమెకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, చివరి ఆరేళ్ళూ రోజూ ఆయనే తల దువ్వి జడ వేశాడు. మీరూ చూశారు. మూడు పాయలు తీసి, తాడు పేనినట్టు బిగించి అల్లి, చివర రిబ్బనుకి ఓడవాళ్ళ ముడి వేసేవాడు. లాగినా ఊడేది కాదు. మీరు నవ్వితే పెద్దనాన్నమ్మ కూడా నవ్వేది.

ఇక బిందె పోలికతో ఇంతకంటే చెప్పడం నావల్ల కాదు. సెలవుల్లో విశాఖ ఆర్కే బీచికి వెళ్ళండి. 31 ఏళ్ళు పనిచేసిన కురుసురని ఒడ్డుకి చేర్చి 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఎంత పెద్దదో అనిపిస్తుంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి, ఒక్కో కాలే తీసి పెట్టి దాటాలి. పడకలు లెక్కపెట్టండి. ముఖం కడుక్కునే చోటెక్కడో అక్కడివాళ్ళని అడిగి, దాని ముందు కాసేపు నిలబడండి.

చూసొచ్చి నాకు ఉత్తరం రాయండి. ఒకటి కంటే ఎక్కువ రాస్తే మూలన నంబరు వెయ్యండి.

మీ తాతయ్య