ధ్రువ ప్రాంతపు ఓడలో రోజువారీ జీవితం: అపోహలు - వాస్తవాలు

అంటార్కిటికాకు సందర్శకులను తీసుకువెళ్లే ఓడలో నేను డెక్ సిబ్బందిలో పనిచేస్తున్నాను. సెలవుకు అంతర్వేది వచ్చినప్పుడల్లా మా వాళ్లు ఈ ఉద్యోగం గురించి ఎంతో ఆసక్తిగా అడుగుతారు. ఆ ప్రశ్నల్లో తరచుగా కనిపించే అపోహలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: అక్కడ ఎప్పుడూ చీకటి, భరించలేని చలి.

వాస్తవం: ఈ యాత్రలు అక్కడి వేసవిలో, అంటే నవంబరు నుంచి మార్చి వరకు మాత్రమే జరుగుతాయి. ఓడలు ఎక్కువగా వెళ్లే అంటార్కిటిక్ ద్వీపకల్పంలో అప్పటి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. డిసెంబరులో రాత్రి పదకొండు గంటలకు కూడా డెక్ మీద వెలుగు ఉంటుంది కనుక, తెరలు దించుకుంటే తప్ప నిద్ర పట్టదు.

అపోహ: ఏ రోజు ఎక్కడ దిగుతారో టికెట్ కొన్నప్పుడే ఖాయమవుతుంది.

వాస్తవం: అర్జెంటీనాలోని ఉషుయాయా నుంచి బయలుదేరిన ఓడ డ్రేక్ జలసంధి దాటడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. ఆ తరువాత ప్రతి సాయంత్రం మరునాటి ప్రణాళిక చెబుతారు గాని, తెల్లవారాక గాలినీ మంచునూ చూసి కెప్టెన్, యాత్రా నాయకుడు దాన్ని మార్చవచ్చు. సందర్శకులు నిరాశపడినా ఆ నిర్ణయమే సరైనది.

అపోహ: ఒడ్డు చేరాక ఇష్టం వచ్చినట్టు తిరగవచ్చు, పెంగ్విన్‌ను ముట్టుకోవచ్చు, గుర్తుగా ఒక రాయి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: మా రోజులో ఎక్కువ శ్రమ ఇలాంటివి జరగకుండా చూడటానికే పోతుంది. ఆ ఖండపు పర్యావరణ రక్షణకు 1991లో మాడ్రిడ్‌లో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది యాత్రా సంస్థలు కలిసి ఏర్పరచుకున్న సంఘపు నియమాల ప్రకారం ఒక చోట ఒకేసారి 100 మందికి మించి సందర్శకులను దింపకూడదు, 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ దింపకూడదు. పెంగ్విన్లకు కనీసం 5 మీటర్ల దూరం పాటించాలి. ఈకైనా, రాయైనా తీసుకురాకూడదు. దిగే ముందూ, తిరిగి వచ్చాకా ప్రతి ఒక్కరి బూట్లను బ్రష్‌తో రుద్ది మందునీళ్లలో ముంచుతాం. జేబుల్లోనూ, కుట్టు మడతల్లోనూ గడ్డి గింజలు దాగి ఉన్నాయేమో వెతుకుతాం. మన రొయ్యల చెరువు గట్టు మీద వైరస్ రాకుండా కాళ్లు కడిగించే రైతుకు ఈ పట్టుదల వెంటనే అర్థమవుతుంది. ఈ భయం ఊహ కాదు: పోవా ఆన్యువా అనే బయటి గడ్డి కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ పరిశోధనా కేంద్రం దగ్గర ఇప్పటికే వేళ్లూనుకుంది. పక్షుల్లో బర్డ్‌ఫ్లూ వ్యాపించినప్పటి నుంచి నేల మీద కూర్చోవడాన్ని, సంచి పెట్టడాన్ని కూడా అనుమతించడం లేదు.

అపోహ: తెల్ల ఎలుగుబంట్లు అక్కడే ఉంటాయి.

వాస్తవం: అవి ఉత్తర ధ్రువ ప్రాంతంలోనే ఉంటాయి.

అపోహ: గోదావరిని ఈదినవారికి ఆ నీటి భయం ఉండదు.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన నమ్మకం. సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండే నీటిలో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు కోల్పోతాయి. ఎంత గజ ఈతగాడైనా దీనికి అతీతుడు కాడు. అందుకే రబ్బరు పడవలోకి దిగే ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. వేళ్లు జారిపోతాయి గనుక, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మేము వారి మణికట్టును, వారు మా మణికట్టును పట్టుకోవాలని ప్రతిసారీ గుర్తుచేస్తాం.