గాజు గోడల రియాక్టర్

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు అణుశక్తి అంటే ల్యాబ్‌లో రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్, దాని కింద సీసియం బిళ్ల. టిక్కులు లెక్కపెట్టి గ్రాఫు గీస్తే రికార్డు పూర్తి. ఒక పరమాణువు చీలి విడిచే న్యూట్రాన్లు మరిన్నింటిని చీల్చే గొలుసు చర్యను పెంచి, తగ్గించి, ఆపి చూసే వీల్లేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులకు ఆ అవకాశం 1961 నుంచి 1988 దాకా ఉండేది. అదీ క్యాంపస్‌లోనే, దారిన పోయేవాళ్లు ఆగి చూసేలా గాజు గోడల భవనంలో!

అక్కడి రియాక్టర్ ఆర్గొనాట్ రకం. విశ్వవిద్యాలయాల్లో శిక్షణ కోసమే ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీ 1957లో నడిపి చూపిన నమూనా. సియాటిల్ రియాక్టర్ సామర్థ్యం తర్వాతి రోజుల్లో 100 కిలోవాట్లు, అదీ వేడి రూపంలోనే. దర్శనానికి తయారయ్యే యాత్రికులు తెల్లవారుజామున లాడ్జిలో యాభై గీజర్లు ఒకేసారి వేస్తే దాదాపు అంతే. కరెంటు తీయడం దాని పని కాదు.

అసలు పాఠం వేరే. యురేనియం-235 చీలినప్పుడు న్యూట్రాన్లలో 99 శాతానికి పైగా అక్కడికక్కడే వచ్చేస్తాయి. సుమారు 0.65 శాతం మాత్రం చీలిన ముక్కల్లోంచి తీరిగ్గా, కొన్ని నిమిషం తర్వాత కూడా వస్తాయి. ఈ కాసిని ఆలస్యపు న్యూట్రాన్లే లేకపోతే రియాక్టర్‌ను అదుపు చేయడం మనిషి తరం కాదు. ఇలాంటి రియాక్టర్లో అది కళ్లారా చూడొచ్చు. న్యూట్రాన్లను మింగే పలకలన్నీ ఒక్కసారిగా దించేస్తారు. మీటరు ముల్లు ధబ్బున పడుతుంది, కానీ సున్నాకు పోదు. ఆపైన నింపాదిగా, చివరికి సుమారు 55 సెకన్లకోసారి సగమవుతూ దిగుతుంది. స్టాప్‌వాచ్ చాలు.

1979లో త్రీ మైల్ ఐలాండ్, 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదాలు. అణు ఇంజినీరింగ్‌కు గిరాకీ పడిపోయింది. రెండేళ్లకు రియాక్టర్ ఆగింది, 2006కు డీకమిషనింగ్, అంటే దాన్ని విప్పి శుభ్రం చేసే పని ముగిసింది. భవనాన్ని 2009లో అమెరికా చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. అయినా 2016లో కూల్చేశారు. అక్కడ లేచింది కంప్యూటర్ సైన్స్ భవనం. సీట్ల గిరాకీ ఎక్కడైనా ఒకటే మరి!

మనకు దగ్గర్లో కల్పాక్కంలో 1996లో మొదలైన 'కామిని' రియాక్టర్ ఉంది, 30 కిలోవాట్లు. అది ముఖ్యంగా పరిశోధనల కోసం. థోరియం నుంచి పుట్టే యురేనియం-233తో నడుస్తుంది. దాంట్లో ఆలస్యపు న్యూట్రాన్ల వాటా యురేనియం-235తో పోలిస్తే సగం కూడా ఉండదు.